కంప్యూటరు బొమ్మకు నడుము నొప్పి రాదు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి ఏదైనా మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. నేను డాక్టరును కాను. మందుల గురించి చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఇక్కడ కూర్చున్న మనలో నడుము నొప్పి, మెడ నొప్పి, మోకాళ్ళ నొప్పి లేనివారు చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు. కొందరికి ఆ చెయ్యి ఎత్తడమే కష్టం! ఈ నొప్పుల్లో కొంత వయసు వల్ల వచ్చింది. కొంత మాత్రం మనం ముప్పై ఏళ్ళు నిలబడ్డ బల్లల వల్ల, కూర్చున్న కుర్చీల వల్ల, వంగిన యంత్రాల వల్ల వచ్చింది. మనిషికి పని అమర్చకుండా పనికి మనిషిని అమర్చినందువల్ల వచ్చింది.

పనిని మనిషికి అమర్చే శాస్త్రానికి ఎర్గొనామిక్స్ అని పేరు. ఇప్పుడు ఈ శాస్త్రమంతా కంప్యూటరులోకి వచ్చింది. యంత్రం తయారు కాకముందే, షెడ్డు కట్టకముందే, దాని ముందు కంప్యూటరులో ఒక మనిషి బొమ్మను నిలబెట్టి, ఆ పని చేయించి, మనిషికి ఎంత శ్రమ అవుతుందో లెక్క కడుతున్నారు. ఆ బొమ్మను డిజిటల్ మానవ నమూనా అంటారు. నేను సర్వీసులో ఉన్నంతకాలం టూల్ డిజైన్ విభాగంలో పనిచేశాను. పదవీ విరమణ తరువాత కొన్నేళ్ళు ఒక డిజైను కార్యాలయంలో సలహాదారుగా ఉన్నప్పుడు ఈ బొమ్మలతో పరిచయం కలిగింది. ఆ బొమ్మను ఎలా కూర్చోబెట్టాలి, ఎలా నిలబెట్టాలి, ఎలా వంచాలి అన్నదే ఈనాటి నా విషయం. ఇది పిల్ల ఇంజనీర్లకు చెప్పవలసిన పాఠం కదా, మాకెందుకు అని మీరు అనుకోవచ్చు. ఈ పాఠంలో మనకూ ఒక పాత్ర ఉంది. అది చివరలో మనవి చేస్తాను.

బొమ్మ పుట్టుక

ఈ బొమ్మ నిన్న మొన్న పుట్టింది కాదు. 1960ల్లో అమెరికాలో బోయింగ్ విమాన సంస్థలో విలియం ఫెటర్ అనే ఆయన, విమానం నడిపే పైలట్ చెయ్యి ఏ మీట వరకు అందుతుందో చూడడానికి కంప్యూటరు చేత మనిషి బొమ్మ గీయించాడు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో మొదలై తరువాత లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో పెరిగిన బొమ్మ పేరు శామీ. జర్మనీలో కార్ల కంపెనీల కోసం తయారైనది రామ్‌సిస్. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నార్మన్ బాడ్లర్ అనే ఆచార్యుని ఆధ్వర్యంలో తయారైనది జాక్. 2007లో సీమెన్స్ సంస్థ యూజీఎస్ అనే కంపెనీని కొన్నప్పుడు దానితో పాటు ఈ జాక్ కూడా సీమెన్స్ చేతికి వచ్చింది.

మన తోలుబొమ్మలాట చూసిన వారికి ఈ బొమ్మను అర్థం చేసుకోవడం చాలా సులభం. తోలుబొమ్మకు భుజం దగ్గర, మోచేయి దగ్గర, తొడ దగ్గర అతుకులుంటాయి. కంప్యూటరు బొమ్మకు అలాంటి కీళ్ళు దాదాపు 70 ఉంటాయి. జాక్ బొమ్మకైతే వీపులోనూ నడుములోనూ కలిపి 17 వెన్నుపూసలు విడివిడిగా కదులుతాయి. ఏ కీలు ఎంత వరకు తిరగవచ్చో హద్దు ఉంటుంది. మోచేయి వెనక్కి మడవదు, మోకాలు ముందుకు మడవదు. ఇంత వరకు బాగానే ఉంది.

మూర అంటే ఎవరి మూర?

బొమ్మను నిలబెట్టే ముందు అది ఎంత పొడుగు మనిషి అన్నది తేల్చుకోవాలి. మన పెద్దలు బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు అని ఒంటితోనే కొలిచేవారు. పూలమ్మే ఆమె దగ్గర ప్రతివారూ అడిగే ప్రశ్న ఒకటుంది: మూర అంటే ఎవరి మూర? ఈ శాస్త్రమంతా ఆ ప్రశ్న మీదే నిలబడి ఉంది.

‘సగటు మనిషి’ని తీసుకుంటే సరిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ అనే ఆయన 1950 ప్రాంతంలో 4,063 మంది కొలతలు తీసి, పది కొలతల్లోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారెందరో లెక్కించాడు. ఒక్కరూ లేరు! పొడుగు సగటుగా ఉన్నవాడికి చేతులు పొట్టి, చేతులు సగటుగా ఉన్నవాడికి ఛాతీ పెద్దది. సగటు మనిషి కోసం చేసిన సీటు నిజానికి ఎవరికీ సరిపోదన్నమాట. అందుకే ఇప్పుడు పొట్టి స్త్రీని ఒక చివర, పొడుగు పురుషుణ్ణి ఇంకో చివర పెట్టుకుని, ఆ ఇద్దరికీ పని వీలవుతుందా అని చూస్తారు. పొట్టివారికి అందాలి, పొడుగువారికి తగలకూడదు. ఇదీ సూత్రం.

చాలాకాలం ఈ బొమ్మల కొలతలకు ఆధారం అమెరికా సైన్యం 1988లో పూర్తి చేసిన సర్వే. అందులో 1,774 మంది పురుషులు, 2,208 మంది స్త్రీల కొలతలున్నాయి. వారంతా ఆరోగ్యవంతులైన సైనికులు. మన దేశానికి సంబంధించి అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ 1997లో దేవకుమార్ చక్రవర్తి గారు రూపొందించిన కొలతల గ్రంథాన్ని ప్రచురించింది. మనవాళ్ళు నేల మీద కూర్చున్నప్పటి కొలతలు కూడా అందులో ఉన్నాయి. ఆ కొలతలను తరువాత జాక్ బొమ్మకు కూడా ఎక్కించారు. కాబట్టి మన దేశంలో పెట్టే బల్ల ముందు అమెరికా సైనికుణ్ణి నిలబెట్టవలసిన అగత్యం లేదు. అయినా హడావుడిలో, మొదట తెర మీద ఏ బొమ్మ కనిపిస్తే దానితోనే పని కానిచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు.

భంగిమ కుదర్చడం

ఇక అసలు విషయానికి వద్దాం. కొలతలు సరిగ్గా ఉన్న బొమ్మ వచ్చింది. అది తెర మీద చేతులు రెండూ కిందికి దించి, పరేడ్ లో సిపాయిలా నిటారుగా నిలబడి ఉంటుంది. దానిని పని చేసే భంగిమలోకి తేవాలి. ఇందుకు రెండు మార్గాలున్నాయి.

మొదటిది, ఒక్కొక్క కీలునూ విడిగా తిప్పడం. భుజం ఇన్ని డిగ్రీలు ముందుకు, మోచేయి ఇన్ని డిగ్రీలు మడత, మణికట్టు ఇంత పైకి, ఇలా. ఓపిక కావాలి గాని ఏం చేస్తున్నామో తెలుస్తుంది.

రెండవది, అరచేతిని పట్టుకుని లాగడం. చేతిని తీసుకెళ్ళి మీట మీద పెడితే, మణికట్టు, మోచేయి, భుజం, అవసరమైతే నడుము కూడా ఎంతెంత తిరగాలో కంప్యూటరే లెక్కకట్టి తిప్పేస్తుంది. దీనిని ఇన్వర్స్ కైనమాటిక్స్ అంటారు. చాలా తేలిక, చూడడానికి ముచ్చటగా కూడా ఉంటుంది. చిక్కు వచ్చేది ఇక్కడే.

ఒక చిన్న పరీక్ష చేద్దాం. చేతికర్ర ఉన్నవారు దాని పిడి పట్టుకోండి. లేనివారు ముందు కుర్చీ అంచు పట్టుకోండి. భుజం కదలకూడదు, అరచెయ్యి కదలకూడదు. ఇప్పుడు మోచేతిని మెల్లగా పక్కకు, పైకి ఎత్తండి. మళ్ళీ దించండి. చూశారా? భుజం అక్కడే ఉంది, చెయ్యి అక్కడే ఉంది, మోచేయి మాత్రం ఎన్నో చోట్ల ఉండవచ్చు. మోచేయి కింద ఉన్నప్పుడు హాయిగా ఉంది. పైకి లేచినప్పుడు భుజం లాగుతోంది. కంప్యూటరుకు ఈ రెండింటిలో తేడా కనిపించదు. చెయ్యి మీట మీద ఉందా, కీళ్ళు హద్దు దాటలేదా అన్నదే దానికి కావాలి. బొమ్మకు నొప్పి లేదు కనుక ఏ భంగిమ అయినా దానికి ఒకటే.

అందుచేత భంగిమ కుదర్చడానికి ఒక వరుస పాటించాలని నేను పిల్లలకు చెప్పేవాణ్ణి. మొదట పాదాలు. నేల మీద ఎక్కడ ఉంటాయి, చెప్పు మందం ఎంత, ముందు ఏదైనా అడ్డం ఉందా అని చూసి, పాదాలను అక్కడ కదలకుండా బిగించాలి. రెండవది తుంటి. మనిషి నిలబడ్డా, కూర్చున్నా ఒంటి బరువంతా అక్కడి నుంచే దిగుతుంది. మూడవది చూపు. పని ఎక్కడ చూడాలో అక్కడికి కళ్ళు తిరిగితే మెడ ఎంత వంగాలో తెలుస్తుంది. ఆ తరువాతే చేతులు. చివరికి నడుము మీద ఏం పడిందో చూసుకోవాలి. చేతులతో మొదలుపెడితే బొమ్మ చేతులు చక్కగా అందుతాయి, పాదాలు గాలిలో తేలుతుంటాయి!

కూర్చోబెట్టడంలో ఇంకొక సంగతి. బొమ్మను కుర్చీలో పెడితే తొడల దగ్గర సమకోణంలో మడిచినట్లు, వీపు కర్రలా నిలబెట్టుకుని కూర్చుంటుంది. మనుషులెవరూ అలా కూర్చోరు. అయిదు నిమిషాలయ్యేసరికి తుంటి వెనక్కి ఒరుగుతుంది, నడుము గుండ్రమవుతుంది, కంటి ఎత్తు సుమారు 4 సెంటీమీటర్లు దిగిపోతుంది. ఆ 4 సెంటీమీటర్లు లెక్కలోకి తీసుకోకపోతే, నిటారు బొమ్మకు చక్కగా కనిపించిన మీటరు ముల్లు నిజమైన డ్రైవరుకు స్టీరింగు చాటున దాగిపోతుంది. అప్పుడు అతను మెడ చాచి చూస్తాడు. ఏళ్ళ తరబడి చూస్తాడు.

లెక్క తప్పదు గాని...

భంగిమ కుదిరాక కంప్యూటరు లెక్కలు కడుతుంది. ఆ లెక్కలు మంచివే. వాటి వెనక పెద్దల కృషి ఉంది. బరువులెత్తే పనికి అమెరికాలోని నియోష్ సంస్థ వారి సూత్రం ఉంది. 1981లో మొదట వచ్చింది, 1991లో సవరించారు. దాని ప్రకారం అన్నీ అనుకూలంగా ఉంటే రెండు చేతులతో ఎత్తదగిన బరువు 23 కిలోలు. అన్నీ అనుకూలం అంటే బరువు నడుము ఎత్తుకు దగ్గరగా 75 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి, ఒంటికి దగ్గరగా ఉండాలి, పట్టు బాగుండాలి, పక్కకు తిరగనక్కరలేకుండా ఉండాలి, అస్తమానమూ ఎత్తే పని కాకూడదు.

ఒంటికి దగ్గర అంటే ఎంత? చీలమండల మధ్య నుంచి చేతుల వరకు 25 సెంటీమీటర్లు. అదే దూరం 50 సెంటీమీటర్లయితే 23 కిలోలు సగానికి, అంటే పదకొండున్నర కిలోలకు పడిపోతుంది. దానికి తోడు ఒళ్ళు 45 డిగ్రీలు పక్కకు తిప్పవలసి వస్తే 10 కిలోల లోపుకు దిగుతుంది. దూరం 63 సెంటీమీటర్లు దాటితే అసలు ఎత్తనే కూడదు. మూట అదే, మనిషి అదే, సూత్రం అదే. బొమ్మ పాదాలను ఒక జానెడు వెనక్కి పెట్టామా, ముందుకు పెట్టామా అన్నదాన్ని బట్టి 15 కిలోల పెట్టె ‘క్షేమం’ అని రావచ్చు, ‘ప్రమాదం’ అని రావచ్చు. నడుము అడుగు పూస మీద పడే ఒత్తిడి 3,400 న్యూటన్లు, అంటే సుమారు 350 కిలోల బరువుకు సమానం, దాటితే జాగ్రత్త పడాలని అదే సంస్థ హద్దు పెట్టింది. ఆ లెక్క కూడా భంగిమను బట్టే వస్తుంది.

చేతుల పనికి రూలా అనే పద్ధతి ఉంది. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన మెకాటమ్నీ, కార్లెట్ అనే ఇద్దరు 1993లో దీనిని ప్రకటించారు. చెయ్యి ఎంత లేచింది, మెడ ఎంత వంగింది, నడుము ఎంత వంగింది అని చూసి 1 నుంచి 7 వరకు మార్కులు వేస్తారు. ఇక్కడ మార్కులు తక్కువ వస్తేనే మంచిది. 1, 2 అయితే ఫరవాలేదు. 3, 4 అయితే పరిశీలించాలి. 5, 6 అయితే త్వరలో మార్చాలి. 7 వస్తే వెంటనే మార్చాలి.

నేను సలహాదారుగా ఉన్నప్పుడు జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక కర్మాగారంలో చిన్న భాగాలు బిగించే బల్ల. ఒక పనివాడు నిమిషానికి అయిదారుసార్లు చెయ్యి చాచి భాగం తీసి బిగించాలి. మా దగ్గర ఒక అమ్మాయి, చురుకైన ఇంజనీరు, ఆ బల్ల ముందు బొమ్మను నిలబెట్టి రిపోర్టు తయారుచేసింది. చేతులు కొద్దిగా ముందుకు, మెడ కొద్దిగా కిందికి, నడుము దాదాపు నిటారు. రూలా మార్కు 3 వచ్చింది. బాగానే ఉంది కదా అని పైవారు సంతకం పెట్టబోతున్నారు. అయితే ఆ బల్ల దగ్గర పనిచేసేవాళ్ళు నడుము నొప్పి అని సెలవు పెడుతున్నారని కర్మాగారం వాళ్ళే చెప్పారు. రిపోర్టు ఒకలా ఉంది, మనుషులు ఒకలా ఉన్నారు. “ఏమ్మా, ఒకసారి వెళ్ళి చూసొద్దామా?” అన్నాను.

వెళ్ళాం. ఆ బల్ల దగ్గర చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న ఫిట్టరు ఒకాయన ఉన్నాడు. మమ్మల్ని చూసి పని ఆపబోతే, ఆపవద్దు, మామూలుగా చేసుకో అన్నాం. పక్క నుంచి చూస్తే నడుము బాగా ముందుకు వంగి ఉంది, చెయ్యి బాగా చాచి ఉంది, మెడ కిందికి వేలాడుతోంది. ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి, “కొంచెం ముందుకు జరిగి నిలబడొచ్చు కదండీ?” అని అడిగింది.

ఆయన నవ్వి కింద చూపించాడు. “ఈ గొట్టం చూడమ్మా. కాళ్ళు ఇంతకంటే ముందుకెలా వస్తాయి?” అన్నాడు.

బల్ల కింద, నేలకు బెత్తెడు ఎత్తున, గాలి గొట్టం ఒకటి అడ్డంగా పోతోంది. తరువాత ఎప్పుడో వేసింది. డ్రాయింగులో లేదు. డ్రాయింగులో లేనిది కంప్యూటరులోనూ లేదు. బొమ్మ పాదాలు ఆ గొట్టం ఉన్నచోటనే హాయిగా నిలబడి ఉన్నాయి. తిరిగి వచ్చాక ఆ అమ్మాయి గొట్టాన్ని గీసి, బొమ్మ పాదాలను దాని వెనకకు తెచ్చి, ఫిట్టరు భంగిమలోకి ఒక్కొక్క కీలునూ తిప్పింది. భుజం 60 డిగ్రీలు, మెడ 20 దాటింది, నడుము 20 దాటింది. ఈసారి మార్కు 6. గొట్టాన్ని బల్ల వెనక నుంచి తిప్పమని సిఫారసు వెళ్ళింది. తిప్పారు. ఖర్చు పెద్దగా కాలేదు. కొత్త బల్ల కొనలేదు, కొత్త యంత్రం రాలేదు. పాదాలు పెట్టుకోవడానికి జానెడు చోటు దొరికింది, అంతే.

నేను గమనించినది ఏమిటంటే, రెండు రిపోర్టుల్లోనూ కంప్యూటరు లెక్క తప్పలేదు. మొదటి 3 కూడా సరైన లెక్కే. అది ఆ కర్మాగారంలో ఎవరూ నిలబడని భంగిమకు వచ్చిన సరైన లెక్క. భంగిమ కంప్యూటరు చెప్పే జవాబు కాదు, మనం దానికి చెప్పే మాట. ఆ మాట నిజం కాకపోతే దాని వెనక వచ్చే అంకెలన్నీ అబద్ధానికి సాక్ష్యం పలుకుతాయి. రంగు బొమ్మతో, అంకెలతో అచ్చయిన రిపోర్టు చేతికి వస్తే మాత్రం “నొప్పిగా ఉంది” అన్న మనిషి మాట ఎవరికీ వినిపించదు. అక్కడే అసలు ప్రమాదం.

ఇప్పుడు ఒంటికి సెన్సర్లు కట్టి, కెమెరాలు పెట్టి, నిజమైన మనిషి కదలికలనే బొమ్మకు ఎక్కించే పద్ధతులు కూడా వచ్చాయి. సంతోషమే. కాని కెమెరా ముందు నిలబెట్టేది ఎవరిని? ఆ పని తెలిసిన మనిషినా, ఆఫీసులో ఖాళీగా ఉన్న కుర్రవాడినా? ఏ వేళలో? షిఫ్టు మొదట్లోనా, ఏడు గంటలు నిలబడ్డాకనా? ఈ ప్రశ్నలు మాత్రం మారవు.

మన వయసు బొమ్మ

ఇక మన సంగతి. బొమ్మ కీళ్ళ హద్దులు సాధారణంగా ఆరోగ్యవంతులైన వయోజనులవి. మన మెడ అంత తిరగదు, మన చెయ్యి అంత లేవదు. ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం వారు ఈ లోటు చూసి, సుమారు నూరు మంది మనుషులను, వారిలో వృద్ధులు, వికలాంగులు చాలామంది ఉండేలా, విడివిడిగా కొలిచి, వారెంత వరకు అందుకోగలరో, ఎలా వంగుతారో నమోదు చేసి హేడ్రియన్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. అందరినీ కలిపి సగటు తీయకుండా, ఒక్కొక్కరినీ ఒక మనిషిగానే ఉంచారు. ఒక వస్తువు డిజైనును ఇస్తే, వీరిలో ఎవరెవరు దానిని వాడలేరో చెబుతుంది. నాకు చాలా నచ్చిన పని ఇది.

మన ఇంట్లో ఉన్న సోఫానే తీసుకోండి. బొమ్మను అందులో కూర్చోబెడితే రాజాలా ఉంటుంది. ఏ లెక్క కట్టినా హాయిగా ఉందనే వస్తుంది. లేవమనండి! కూర్చున్న మనిషి లేవాలంటే ముందు పాదాలను మోకాళ్ళ కిందికి, ఇంకొంచెం వెనక్కి లాక్కోవాలి. తరువాత ఒళ్ళు ముందుకు వంచి బరువును పాదాల మీదికి తేవాలి. అప్పుడే లేవగలడు. సోఫా కింది భాగం పలకతో మూసేసి ఉంటే పాదాలు వెనక్కి పోవు. సీటు మరీ పల్లంగా, మెత్తగా ఉంటే తుంటి మోకాళ్ళ కంటే కిందికి దిగిపోతుంది. ఇక మనవడు వచ్చి చెయ్యి ఇవ్వాలి. లోపం మన మోకాళ్ళలో ఎంత ఉందో సోఫాలోనూ అంత ఉంది.

అందుకే భంగిమ కుదర్చడమంటే పని మొదటి భంగిమ, చివరి భంగిమ చూసి ఊరుకోవడం కాదు. మధ్యలో, సగం లేచి సగం వంగి ఉన్నప్పుడు, బరువు ఎక్కడ పడుతోందో చూడాలి. పడిపోయేది అక్కడే.

దీన్ని బట్టి మనం ఇంట్లో చేసుకోదగినవి మూడు మాటల్లో చెబుతాను. ఒకటి, కుర్చీ కొనేటప్పుడు కూర్చుని మాత్రమే చూడకండి, నాలుగైదుసార్లు లేచి చూడండి. పాదాలు నేలకు ఆనాలి, కింద పాదాలు వెనక్కి పోయేంత చోటుండాలి, చేతులు ఆనించుకోవడానికి గట్టి ఆధారం ఉండాలి. రెండు, వంటింటి గట్టు కొత్తగా కట్టించేటప్పుడు మేస్త్రీ చెప్పిన ఎత్తుకు ఊరుకోకండి. రోజూ అక్కడ నిలబడేది ఎవరో వారినే నిలబెట్టి, మోచేతి ఎత్తుకు కొంచెం దిగువగా గుర్తు పెట్టించండి. గట్టు అడుగున పాదాల ముందు భాగం పట్టేంత సందు వదిలించండి. ఆ ఫిట్టరుకు లేకపోయిన జానెడు చోటు ఇదే. మూడు, ఇంట్లో పిల్లలు రాత్రింబవళ్ళు లాప్‌టాప్ ముందు కూర్చుంటున్నారు. వారికి ఉపదేశం చేస్తే వినరు. వారు పనిలో మునిగి ఉన్నప్పుడు పక్క నుంచి ఒక ఫోటో తీసి, తరువాత చూపించండి. మెడ ఎంత వంగిందో వారి కళ్ళతో వారే చూసుకుంటారు. మాటకంటే అది బాగా పనిచేస్తుంది.

మన పాత్ర

మొదట్లో చెప్పిన మాటకు వస్తాను. ఈ బొమ్మలను ఆడించే పిల్లలు తెలివైనవారు. కంప్యూటరు వారి చేతిలో చెప్పినట్లు వింటుంది. వారికి లేనిదల్లా ముప్పై ఏళ్ళు ఒక యంత్రం ముందు నిలబడ్డ అనుభవం. ఆ అనుభవం మన దగ్గర ఉంది. ఏ మీట లాగడానికి ఎడమ కాలు ఎందుకు పక్కకు పెట్టేవాళ్ళమో, ఏ పని చేసేటప్పుడు పీట వేసుకునేవాళ్ళమో, ఏ బోల్టుకు పానా పట్టించాలంటే తల ఎక్కడ దూర్చవలసి వచ్చేదో, ఇవేవీ డ్రాయింగుల్లో ఉండవు, మాన్యువల్లో ఉండవు. మన ఒంట్లో ఉన్నాయి. కొన్ని నొప్పులుగా కూడా ఉన్నాయి.

కాబట్టి మీ అబ్బాయో, అమ్మాయో, మనవరాలో ఇలాంటి పనిలో ఉంటే, “మా కాలంలో చాలా కష్టపడ్డాం” అని ఊరుకోకండి. వింటారు, మర్చిపోతారు. లేచి నిలబడి చేసి చూపించండి. పాదాలు ఎక్కడ, చెయ్యి ఎక్కడ, చూపు ఎక్కడ అన్నది చూపించండి. ఎక్కడ నొప్పి మొదలయ్యేదో వేలు పెట్టి చూపించండి. మన సంఘం కూడా ఒక పని చేయవచ్చునని నా మనవి. ఏ విభాగంలో ఏ పని ఏ భంగిమలో చేశామో, తెలిసినవారు ఒక్కొక్కరు ఒక పేజీ రాసి ఇస్తే, ఫోటోలతో సహా భద్రపరచి, అడిగిన కళాశాలల పిల్లలకు ఇవ్వవచ్చు. కార్యవర్గం ఆలోచించాలని కోరుతున్నాను.

బొమ్మకు నొప్పి రాదు. వస్తే అదే చెప్పేది, మనం ఇంతసేపు మాట్లాడుకోనక్కరలేకపోయేది. దాని తరఫున చెప్పవలసింది ఆ పని చేసినవారే.

 ఇప్పటికే మీరందరూ చాలాసేపు ఒకే భంగిమలో కూర్చున్నారు. దయచేసి ఒకసారి లేచి, నడుము సాచి, నాలుగడుగులు వేసి, ఆ తరువాతే టీకి వెళ్ళండి. పాదాలు వెనక్కి లాక్కుని లేవడం మరచిపోకండి.